చలవ మేస్త్రి ఎక్కించిన కొత్త గ్యాస్

ప్రతి ఉదయం షెడ్డు షట్టరు ఎత్తగానే చలవ మేస్త్రి చేసే మొదటి పని, నిన్నటి రబ్బరు రింగులను కత్తిరించడం. కారు ఏసీ పైపులు కలిసే ప్రతి అతుకులోనూ వేలి ఉంగరమంత రింగు ఒకటి ఉంటుంది. గ్యాస్ బయటకు పోకుండా కాపు కాసేది అదే. పైపు ఒకసారి విప్పామంటే పాత రింగు తీసేసి కొత్తది వేయాలి. అలా తీసిన రింగులన్నీ సాయంత్రానికి ఒక రేకు మూతలో చేరేవి. తెల్లవారి ఆయన చేతులు కడుక్కుని, దేవుణ్ణి రెండు నిమిషాలు తలచుకుని, ముక్కాలి పీట మీద కూర్చుని ఒక్కొక్క రింగునూ కత్తెరతో రెండు ముక్కలు చేసేవాడు. ఒక్కటి కూడా వదిలేవాడు కాదు.

"చూడ్డానికి కొత్తదానిలాగే ఉంటుంది. పని తొందరలో చేతికందితే, ఇదే వేసేద్దామని బుద్ధి పుడుతుంది. పుట్టకముందే కోసేస్తే గొడవ లేదు" అనేవాడు.

ఎవరి బుద్ధి గురించండీ అని అడిగితే, "నా బుద్ధే. పక్కవాడి బుద్ధికి నా కత్తెర అందుతుందా?" అని నవ్వేవాడు.

షెడ్డులో లోపలి సగం ఆయనది. వీధివైపు సగంలో ఆయన ఇంటావిడ కుట్టుమిషను వేసుకుని కార్ల సీట్లకు తొడుగులు కుట్టేది. కారును చల్లబరిచేది ఆయన, మెత్తబరిచేది ఆవిడ. ఏసీ కోసం వచ్చినవాడు తొడుగులు కుట్టించుకు పోవడం, తొడుగులకు వచ్చినవాడు "పనిలో పని, గాలి కూడా ఓసారి చూడు మేస్త్రీ" అనడం మామూలు. ఆయన అసలు పేరు ఇంటి పన్ను కాగితం మీద తప్ప ఎక్కడా కనబడేది కాదు. ఎండన పడి వచ్చినవాడికి పని సంగతి అడగకముందే ఒక గ్లాసు నీళ్ళు ఇచ్చేవాడు. ఇచ్చాక కూడా వెంటనే మాట కలిపేవాడు కాదు. ఆ మనిషి ఊపిరి కుదుటపడేదాకా పక్కకు తిరిగి పానాలు తుడుచుకుంటూ ఉండేవాడు. ఇది చాలామంది గమనించి ఉండరు. నీళ్ళు తాగేవాడు తన దాహంలో తానుంటాడు కదా.

దేవుడు ఒక్కొక్కరికి ఒక్కొక్క చోట విద్య పెడతాడంటారు. మేస్త్రికి కుడి అరచేతిలో పెట్టాడు. ఏసీ వేయించి, బానెట్ ఎత్తి, గ్యాస్ తిరిగివచ్చే పైపును గుప్పిట పట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. "కాస్త తక్కువుంది" అనో, "గ్యాస్ సరిపోయింది, ఫ్యాన్ బద్ధకిస్తోంది" అనో చెప్పేవాడు. తరువాత ఒత్తిడి చూపే గేజీలు తగిలించి చూస్తే రవ్వంత తేడా ఉండేది కాదు. హస్తవాసి వైద్యులకే ఉంటుందనుకున్నవాళ్ళు ఈయన్ను చూశాక మనసు మార్చుకున్నారు.

"చెయ్యి చూసి జాతకం చెప్పేవాళ్ళున్నారు గానీ, చెయ్యి పెట్టి కారు జాతకం చెప్పేది మా ఇంటాయనొక్కరే" అని ఇంటావిడ మిషను మీద నుంచి తల ఎత్తకుండానే అనేది.

చేతి తరువాత ఆయన నమ్మేది కన్ను. ఆయన కన్ను కాదు, కారు కన్ను. పాత కార్లలో గ్యాస్ వెళ్ళే దారిలో డ్రయ్యరు అని చిన్న డబ్బా ఉంటుంది. లోపలి తడిని పీల్చుకోవడం దాని పని. దాని నెత్తిన చొక్కా గుండీ అంత గాజుబిళ్ళ బిగించి ఉంటుంది. గ్యాస్ తక్కువైతే ఆ గాజులో బుడగలు పరుగెత్తుతాయి. ఎక్కించే కొద్దీ బుడగలు తగ్గి, చివరికి గాజు తేట నీటిలా అవుతుంది. అప్పుడు ఆపాలి. మేస్త్రి ముప్పై ఏళ్ళు ఆ కన్ను చూసే నింపాడు. ఎప్పుడూ తప్పలేదు.

ఊళ్ళో ఇంకొకాయన ఉండేవాడు. మందుల దుకాణాల ఫ్రిజ్‌లు, ఆస్పత్రిలో రక్తం దాచే పెట్టెలు, పండ్ల గిడ్డంగులు ఆయన చూసేవాడు. సిలిండరును తక్కెడ మీద పెట్టనిదే గ్రాము గ్యాస్ కూడా ఎక్కించేవాడు కాదు. అందుకే తూకాలాయన అని పేరు పడింది. ఇద్దరిదీ ఒకే ఈడు. చుట్టరికం ఏమీ లేకపోయినా బావా అంటే బావా అనుకునేవాళ్ళు.

"ఏం బావా, గ్యాస్‌ని ఉల్లిపాయల్లా తూచి పోస్తావట? కొసరు కూడా వేస్తావా?" అని మేస్త్రి ఆటపట్టించేవాడు.

"నీకు కన్నుంది బావా, నాకు తక్కెడుంది. కంటికి ఎప్పటికైనా శుక్లం వస్తుంది, తక్కెడకి రాదు."

"తక్కెడకి తుప్పొస్తుందిలే!"

ఇంతలో కాలం మారింది. ముప్పై ఏళ్ళుగా అందరూ వాడిన పాత గ్యాస్ గాలిలో కలిసి పైకి పోయి, ఆకాశంలో ఎండను వడగట్టే పొరను తినేస్తోందని తేలింది. దాని తయారీ ఆపేశారు. ఆ సంగతి మేస్త్రికి ఒక శిక్షణ తరగతిలో చెప్పారట. ఇంటికి వచ్చి ఆ పూట అన్నం సరిగా తినలేదని ఇంటావిడ చెప్పింది. "పని తెలియని రోజుల్లో పైపు విప్పి సుయ్యిమని వదిలేసేవాళ్ళమే. దేవుడు వేసిన పందిరికి నా చేత్తో ఎన్ని చిల్లులు పొడిచానో" అన్నాడట. అప్పటి నుంచి ఏ కారులో పాత గ్యాస్ ఉన్నా బయటకు వదలకుండా ఖాళీ సిలిండరులోకి లాగి పెట్టేవాడు.

అలా లాగి పెట్టిన గ్యాస్‌తో ఆయన దగ్గర ఒక్క సిలిండరు మిగిలింది. దాన్ని ఒకే ఒక్క కారుకు అట్టేపెట్టాడు.

ఆ కారు నీళ్ళ ఆఫీసు గుమాస్తాది. పాతికేళ్ళ నాటి బండి. పెయింటు వెలిసి, తలుపు వేయాలంటే కాస్త ఎత్తి వేయాల్సి వచ్చేది. గుమాస్తాకు తొమ్మిదేళ్ళ కూతురు. ఆ పాప ఒంట్లో పుట్టుకతోనే చెమట గ్రంథులు లేవు. ఎంత ఎండలో ఉన్నా చర్మం మీద చుక్క చెమట పుట్టదు. మనకు ఒంటి వేడి చెమటతో పోతుంది. ఆ పిల్లకు పోయే దారి లేదు, లోపలే పెరుగుతుంది. ఎండలో పావుగంట ఉంటే జ్వరంలా కాలిపోతుంది, అంతకు మించితే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు చెప్పాడు. బడి పన్నెండు కిలోమీటర్ల దూరం. అంత దూరం ఎందుకంటే, పాప బల్ల దగ్గర చల్లగాలి యంత్రం పెట్టడానికి ఒప్పుకున్న బడి అదొక్కటే. చలికాలం బస్సులో వెళ్ళేది. ఎండాకాలం మూడు నెలలు ఆ కారులోనే వెళ్ళాలి. కారులో గాలి చల్లగా రాకపోతే బడి లేదు.

వాళ్ళ అమ్మ రోజూ ఒక తడిగుడ్డ, ఒక ఫ్లాస్కు సర్ది పంపేది. మేస్త్రిని ఆవిడ బాబాయ్‌గారూ అని పిలిచేది. పాప తాతా అనేది.

ఒక ఎండాకాలం మొదట్లో పెద్ద బంగళా ఆసామి ఒకాయన తన పాత కారు తెచ్చి, ఆ సిలిండరు చూశాడు. "మేస్త్రీ, నీ దగ్గర పాత గ్యాస్ ఉందటగా. నాకు ఎక్కించు."

"లేదండీ."

"అదేంటి, కళ్ళెదుట కనిపిస్తుంటే?"

"అది నాది కాదండీ. ఒక చంటిదానిది. నేను కాపలా ఉన్నానంతే."

ఆసామి ముఖం గంటు పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఇంటావిడ ఆయన కారుకు నాలుగు సీట్ల తొడుగులు కుడుతూ ఉంది, ఆ పని కూడా పోయింది. ఆవిడ సగం కుట్టిన తొడుగు మడిచి పైన పెట్టేసి, వేరేది అందుకుంది.

ఆ సిలిండరు రెండు ఎండాకాలాలు నడిపింది. మూడో ఏడు వేసవి మొదట్లోనే ఖాళీ అయింది. పైగా కారు పైపులు పాతబడి గ్యాస్ త్వరగా జారిపోతోంది. ఇక మిగిలిన దారి ఒక్కటే, ఆ కారును కొత్త గ్యాస్‌కు మార్చడం.

గుమాస్తా బెదురుతూ అడిగాడు. "అవుతుందా మేస్త్రిగారూ? పాత బండికి కొత్త గ్యాస్ పడుతుందా?"

"పడేటట్టు చేస్తే పడుతుంది బాబూ. ముసలాయనకి కొత్త కళ్ళజోడు పెట్టినట్టే. ముక్కు మీద కుదరడానికి రెండు రోజులు పడుతుంది."

మేస్త్రి ఆ పని ఎంత శ్రద్ధగా చేశాడో వీధంతా చూసింది. మిగిలిన పాత గ్యాస్‌ను సిలిండరులోకి లాగాడు. గ్యాస్‌ను నొక్కి పంపే కంప్రెసరు విప్పి, బోర్లించి, పాత నూనె చుక్క మిగలకుండా కార్చాడు. పాత గ్యాస్‌తో తిరిగే నూనె కొత్త గ్యాస్‌లో కలవదు. కలవకపోతే అది ఎక్కడో పైపుల్లో ఆగిపోయి, కంప్రెసరు ఎండి పట్టేస్తుంది. పైపులన్నీ కడిగి ఆరబెట్టాడు. ప్రతి అతుకులో కొత్త గ్యాస్‌కు పనికొచ్చే ఆకుపచ్చ రింగులు వేశాడు. డ్రయ్యరు మార్చాడు. గ్యాస్ ఎక్కించే మూతులు మార్చాడు. కొత్త నూనె కొలిచి పోశాడు. వాక్యూమ్ పంపు తగిలించి, లోపలి గాలీ తడీ గంటసేపు లాగించాడు. ఆ సామాను వచ్చిన పెట్టెలో నాలుగు మడతల కాగితం ఒకటి ఉంది. ఎన్నో భాషల్లో చీమ తలకాయంత అక్షరాలు. విప్పి చూసి, మళ్ళీ మడిచి పెట్టెలోనే పెట్టేశాడు.

కొత్త గ్యాస్ ఆయనకు కొత్తేమీ కాదు. కొత్త కార్లకు రోజూ ఎక్కించేదే. అయితే కొత్త కార్లలో ఆ గాజుకన్ను ఉండదు. ఎంత గ్యాస్ పడుతుందో బానెట్ కింద చీటీ మీద రాసి ఉంటుంది, ఆ ప్రకారం గ్యాస్ డబ్బాలు ఎక్కించేవాడు. ఈ కారుకు కన్ను ఉంది. కన్ను కనబడగానే ముప్పై ఏళ్ళ అలవాటు ముందుకొచ్చి నిలబడింది.

రెండు డబ్బాలు ఎక్కాయి. చల్లగాలి వస్తోంది. గాజులో మాత్రం పల్చటి పాలలాంటి నురగ కదులుతూనే ఉంది.

"ఇంకా ఎంతసేపండీ? కొత్త కార్లకి రెండు, రెండున్నర డబ్బాలేగా" అంది ఇంటావిడ.

"కన్ను తేటపడలేదే. ఇంకా ఆకలిగా ఉంది బండి."

"తిన్నదరక్కముందే పెడితే పిల్లలకి కడుపునొప్పి వస్తుంది. బండికి రాదా?"

"కుట్టుమిషనుకి నూనె పోసుకోవే తల్లీ. దీని ఆకలి నాకు తెలుసు."

మూడో డబ్బా పూర్తిగా ఎక్కించాక గాజు తేటబడింది. కారుతో వచ్చిన అరిగిపోయిన పాత చీటీ మీద కిలో అని ఉంది. మూడు డబ్బాలూ కలిపితే దాదాపు కిలోనే. కన్నూ చీటీ ఒకే మాట చెబుతున్నాయి కదా అని మేస్త్రికి ఇంకే అనుమానం రాలేదు. పైపు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి కూడా అదే చెప్పింది. కారు కోసం నాన్నతో వచ్చిన పాప వెనక సీట్లోంచి ముందుకు వంగి, గాలి వచ్చే జాలీకి చెంప ఆనించి, "తాతా, నా పళ్ళు కొట్టుకుంటున్నాయి!" అంది.

"కొట్టుకోనీయమ్మా. వేసవిలో పళ్ళు కొట్టుకున్నవాళ్ళు అదృష్టవంతులు" అన్నాడు.

రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు మధ్యాహ్నం ఒంటిపూట బడి వదిలాక గుమాస్తా పాపను తీసుకుని ఇంటికి వస్తుంటే రైలు గేటు పడింది. ఒక రైలు పోయింది, రెండోదాని కోసం గేటు తీయలేదు. ముందు లారీ, వెనక బస్సు. కారు కదలకుండా పావుగంట నిలబడింది. బండి నడుస్తుంటే ఎదురుగాలి తగిలి ఏసీ వేడి దిగుతుంది. నిలబడితే దిగదు, లోపలి ఒత్తిడి పెరుగుతుంది. బానెట్ కింద నుంచి ఒక్కసారిగా చెవులు పగిలే చప్పుడుతో తెల్లటి పొగ ఎగజిమ్మింది. ఒత్తిడి హద్దు దాటితే విడుదల చేసే సేఫ్టీ వాల్వు తెరుచుకుని గ్యాస్ అంతా వదిలేసింది. గుమాస్తాకు అది తెలియదు. మంటలనుకుని పాపను పట్టుకుని రోడ్డు మీదికి దూకాడు.

నీడ లేదు. లోపలికి తిరిగి ఎక్కిద్దామంటే కారు పొయ్యిలా ఉంది. ఫ్లాస్కు నీళ్ళు నెత్తిన పోశాడు. చూస్తుండగానే పాప ముఖం కందిపోయింది. ఏడవలేదు, మాట్లాడలేదు, కళ్ళు మూతలు పడసాగాయి.

ఆ గేటు దగ్గర మనుషుల పేర్లు ఎవరికీ తెలియవు, తరువాత కనుక్కుందామన్నా దొరకలేదు. ఐసు బండి నెట్టుకుంటూ వచ్చిన ఒకతను అడగకుండానే మూత తీసి, సరుకు పక్కకు తోసి, కింది ఐసు గడ్డ పగలగొట్టి సంచిలో పోసి ఇచ్చాడు. గేటు కాపలా మనిషి భార్య తన మంచం మీది దుప్పటి బకెట్లో ముంచి పరుగున తెచ్చింది. బస్సు డ్రైవరు దిగి, వెనకున్న బళ్ళను ఒక్కొక్కటే వెనక్కు కొట్టించి దారి చేశాడు. చివర ఉన్న ఆటోవాడు గుమాస్తా ఎక్కడికని చెప్పకముందే ఆస్పత్రి వైపు తిప్పాడు. దేవుడు కనబడడంటారు. ఆ మధ్యాహ్నం ఆయన నాలుగు చోట్ల నిలబడి ఉన్నాడు.

పాప రెండు రోజులు ఆస్పత్రిలో ఉండి కోలుకుంది.

కబురు తెలియగానే మేస్త్రి షట్టరు దించి ఆస్పత్రికి నడిచాడు. పాప నిద్రపోతోంది. వాళ్ళ అమ్మ వరండాలోకి వచ్చింది. ఆవిడ గొంతు పెంచలేదు, అదే ఆయనకు ఎక్కువ తగిలింది.

"బాబాయ్‌గారూ, మీ మీద నాకు కోపం లేదు. మీరు కావాలని చేస్తారా? కానీ ఆ కారు ఇక నా పిల్ల ఎక్కదు."

"పరీక్షలు మూడు వారాల్లోనే కదమ్మా."

"పోతే ఒక ఏడాది పోతుంది. పిల్ల పోతే తెచ్చిస్తారా?"

ఆయన తల వంచుకుని వచ్చేశాడు. పరీక్షలు రాయకపోతే పాప మళ్ళీ అదే తరగతి చదవాలి. పై ఏడాది కూడా ఎండాకాలం వస్తుంది, ఆ కారే ఉంటుంది. అప్పుడైనా ఏం చేస్తారు? బడి మానడమే.

కారును తాడుతో షెడ్డుకు లాగించాడు. సేఫ్టీ వాల్వు చుట్టూ కొత్త నూనె కారి దుమ్ము పట్టి ఉంది. ఒక్కొక్క అతుకే తడిమి చూశాడు. ఎక్కడా లోపం లేదు. అదే ఆయనకు అంతుపట్టలేదు.

"పనంతా శుభ్రంగానే చేశానే. చెయ్యి ఒకటే చెప్పింది, కన్ను ఒకటే చెప్పింది" అన్నాడు.

ఇంటావిడ మిషను ఆపింది. "ఇద్దరు సాక్షులూ ఒకే ఇంటివాళ్ళైతే మూడోవాణ్ణి అడగాలండీ."

"ఎవర్ని?"

"ఎవర్నో మీకు తెలుసు. నా నోటితో చెప్పించుకోవడం దేనికి?"

మేస్త్రి ఆ సాయంత్రమే తూకాలాయన దగ్గరికి వెళ్ళాడు. ఆయన తన గుమ్మంలో ఒక మందుల ఫ్రిజ్‌ను పడుకోబెట్టి పని చేస్తున్నాడు. దూరం నుంచే చూసి, "ఎవరది, కంటి డాక్టరుగారే! దారి తప్పారా?" అన్నాడు.

"తప్పాను బావా. అందుకే వచ్చాను."

ఆ మాటకు తూకాలాయన పానా కింద పెట్టాడు. మేస్త్రి అంతా చెప్పాడు. పాప సంగతి వచ్చాక ఆయన మరి వేళాకోళమాడలేదు. లోపలికి వెళ్ళి, నీళ్ళు తెచ్చి ఇచ్చి, తాగేదాకా ఆగాడు.

"ఎన్ని డబ్బాలు ఎక్కించావు?"

"మూడు."

"పాత గ్యాస్ ఎంత పట్టేది?"

"కిలో."

"అదే బావా. కొత్త గ్యాస్ పాతదానికి వందకి ఎనభై, మహా అయితే ఎనభై అయిదు పడుతుంది. నువ్వు కిలో కిలోకి కూరావు."

"కన్ను తేటపడలేదే!"

"పడదు. కొత్త గ్యాస్ సరిపోయినా ఆ గాజులో కొంచెం నురగ ఆడుతూనే ఉంటుంది. అది తేటపడేదాకా పోశావంటే ఎక్కువైనట్టే. పొద్దున పూట, నీడలో, బండి తిరుగుతుంటే తెలియదు. మిట్టమధ్యాహ్నం బండి ఆగాక తెలుస్తుంది."

మేస్త్రి ఖాళీ గ్లాసు కింద పెట్టాడు. "ముప్పై ఏళ్ళు నిజం చెప్పింది బావా అది" అన్నాడు.

"పాత గ్యాస్ గురించి చెప్పింది. దీని సంగతి దానికి తెలీదు పాపం. తెలీని సాక్షిని నువ్వు బోనెక్కించావు, తప్పు దానిది కాదు."

మరునాడు పొద్దున్నే తూకాలాయన తక్కెడ భుజాన వేసుకుని షెడ్డుకు వచ్చాడు. తన పని రెండు రోజులు వాయిదా వేసుకున్నానని ఎవరికీ చెప్పలేదు. మందుల దుకాణంవాళ్ళు వెతుక్కుంటూ వస్తేనే తెలిసింది. ఇద్దరూ మొదటినుంచి మొదలుపెట్టారు. పైపులు మళ్ళీ కడిగారు. లోపల గాలి తగిలింది కాబట్టి కొత్త డ్రయ్యరు పనికిరాదని అదీ మార్చారు. నూనె మళ్ళీ కొలిచారు. ఒత్తిడి ఎక్కువైతే వాల్వు దాకా పోకముందే కంప్రెసరును ఆపేసే స్విచ్చి ఒకటి కొత్తగా బిగించారు. బండి నిలబడ్డప్పుడు కూడా గాలి తగిలేటట్టు కారు ముందు జాలీకి ఇంకొక ఫ్యాన్ కట్టారు. ఆ ఫ్యాన్‌కు వైరు చాలకపోతే ఇంటావిడ తన మిషను దీపం వైరు విప్పి ఇచ్చింది.

గ్యాస్ ఎక్కించే ముందు మేస్త్రి నల్లటి టేపు ముక్క కోసి, గాజుకన్ను మీద గట్టిగా అంటించాడు.

"ఎందుకు బావా అది, నేనున్నాగా?" అన్నాడు తూకాలాయన.

"నువ్వు తక్కెడ చూస్తావు. నేను ఆ కన్నునే చూస్తాను. చూస్తే నా చెయ్యి ఊరుకోదు."

సిలిండరు తక్కెడ మీద పెట్టి, ఎనిమిది వందల ఇరవై గ్రాములు దిగగానే మూత బిగించారు. చేతిని అడగలేదు. కారును నడివీధిలో, మిట్టమధ్యాహ్నం ఎండలో, అద్దాలన్నీ ఎత్తి, కదలకుండా గంటసేపు ఇంజను ఆపకుండా నిలబెట్టారు. మేస్త్రి లోపల కూర్చున్నాడు. తూకాలాయన గేజీల దగ్గర నిలబడి అయిదు నిమిషాలకొకసారి అంకె అరిచి చెప్పాడు. ముల్లు ఒక చోటికి వచ్చి అక్కడే ఆగింది. లోపల గాలి వచ్చే జాలీ దగ్గర పెట్టిన థర్మామీటరు పది డిగ్రీలు దాటలేదు. వీధిలో పోయేవాళ్ళు, ఎండలో నిలబడి చెమటలు కక్కుతున్న ఆయన్నీ, కారులో శాలువా కప్పుకుని కూర్చున్న ఈయన్నీ చూసి నవ్వుకుంటూ వెళ్ళారు. మేస్త్రి ఒక అట్టముక్క మీద ఏ గ్యాసో, ఎన్ని గ్రాములో, ఏ నూనో రాసి, కింద "కన్ను చూసి నింపరాదు" అని రాసి, గీత గీసి బానెట్ లోపల అంటించాడు.

కారు బాగైంది. వాళ్ళ అమ్మ మాట మాత్రం మారలేదు. గుమాస్తా రెండుసార్లు చెప్పి చూసి, భార్య ముఖం చూసి ఊరుకున్నాడు. ఆవిడను తప్పుపట్టడానికి లేదు. ఆస్పత్రి మంచం పక్కన రెండు రాత్రులు కూర్చున్నది ఆవిడే.

పాప పరీక్షలు రాసింది. ఆ సంగతి ముందే చెప్పేస్తాను, చదివేవాళ్ళ మనసు కుదుటపడాలి. ఆ కారు ఇంకా అయిదు వేసవులు పాపను బడికి తీసుకువెళ్ళింది. అయితే దానికి దారి తెరిచింది తక్కెడా కాదు, అట్టముక్కా కాదు. పరీక్షలకు పదకొండు రోజులుందనగా ఒక ఆదివారం పొద్దున మేస్త్రి కారు తోలుకుని గుమాస్తా ఇంటికి వెళ్ళాడు. ఎవరికీ ఏదీ నచ్చజెప్పలేదు.

వాళ్ళ అమ్మ వాకిట్లో బట్టలు ఆరవేస్తోంది. ఆయన్ను చూసి తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"కూర్చోండి బాబాయ్‌గారూ."

"కూర్చోవడానికి రాలేదమ్మా, ఒకటి అడగడానికి వచ్చాను. ఒక సాయం చెయ్యాలి నువ్వు."

"నేనా? చెప్పండి."

"పాప కూర్చునే సీటు మూడు రోజులు నాకివ్వు."

ఆవిడకు అర్థం కాలేదు. చేతిలో బట్ట అలాగే పట్టుకుని చూసింది.

"రేపట్నించి మూడు రోజులు, బడి వదిలే వేళకి మీ ఆయన నన్ను ఎక్కించుకుని ఆ దారినే రావాలి. అద్దాలు ఎత్తేసి ఉంటాయి. గేటు పడేదాకా ఆగాలి, గేటు పడితే తీసేదాకా కదలకూడదు. థర్మామీటరు నా చేతిలో ఉంటుంది. ఇంటికొచ్చాక అంకె నీకు చూపిస్తాను. మూడు రోజుల్లో ఒక్కరోజు తేడా వచ్చినా, నేనే తాడు కట్టి ఈ కారుని తీసుకుపోతాను. తేడా రాకపోతే పాపని పంపమని కూడా అడగను. అది నీ ఇష్టం. నా వయసుకి ఎండ బాగానే తెలుస్తుందమ్మా, లోపల వేడెక్కితే పాపకంటే ముందు నాకే తెలియనివ్వు."

గుమాస్తా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. లోపల పాప గట్టిగా ఎక్కాలు చదువుతోంది.

ఆవిడ చేతిలోని బట్టను తీగ మీద వేసి, రెండు కొసలూ సర్ది, క్లిప్పు పెట్టింది.

"మూడు రోజులూ మీ వెంట నేనూ వస్తాను. పక్క సీట్లో కూర్చుంటాను" అంది. "పన్నెండుంబావుకి ఇక్కడుండండి బాబాయ్‌గారూ. ఆలస్యమైతే గేటు తీసేస్తారు."